ఆఫీసు కుళాయి

సీసాలో ఒక్క గాలిబుడగ కూడా మిగలకూడదు. మిగిలితే నీళ్లలోని విషం అందులోకి జారుకుంటుంది, పరీక్ష దొంగదవుతుంది. పదకొండేళ్లుగా ఊరి నీళ్లు పట్టి ల్యాబుకు పంపుతున్న సీసాలమ్మకు ఈ సంగతి కంఠతా వచ్చు. ఈసారి మాత్రం ఆమె సీసాను నీటి సరఫరా ఆఫీసులో నింపలేదు. గొట్టం చిట్టచివర, చివరి వీధిలో ఉండే తన అక్క వంటగదిలో నింపింది.

అక్క మాటే అందుకు కారణం. గ్లాసు ఎత్తితే వాసనకు ముక్కుపుటాలు అదిరిపోతున్నాయట. ఆఫీసులో ఫిర్యాదు చేస్తే, "మందు వాసనొస్తే మంచిదేనమ్మా, పురుగులు చచ్చాయన్నమాట" అన్నారట.

మందంటే క్లోరిన్. జలాశయంలో ఆకులు కుళ్లినప్పుడల్లా సూపర్‌వైజరు మోతాదు పెంచేవాడు. ఆ కుళ్లూ ఈ మందూ కలిస్తేనే ల్యాబు వెతికే ఆ విషం పుడుతుంది. గొట్టంలో నీళ్లు ఎంతసేపు నిలిస్తే అది అంత పెరుగుతుంది. ట్యాంకు పక్కనే ఉన్న ఆఫీసు కుళాయికి నీళ్లు నిమిషంలో వస్తాయి. అక్క ఇంటికి చేరేసరికి రెండు రోజులు.

ఫలితం పరిమితికి రెట్టింపు వచ్చింది.

సూపర్‌వైజరు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేశాడు. ల్యాబు వాళ్ల పొరపాటన్నాడు. మామూలు చోటే మళ్లీ పట్టమన్నాడు. సీసాలమ్మకు ఒళ్లు మండిపోయింది.

"మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు సార్?"

"డబ్బా నీళ్లు. అయినా నీకెందుకు? సీసా నింపి చీటీ అంటించు."

నింపింది. చీటీలో 'ఎక్కడ పట్టారు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఇన్నేళ్లూ అక్కడ 'కుళాయి' అని రాసి ఊరుకుంది. ల్యాబు ఆ మాటనే రిపోర్టులో అచ్చువేసేది, రిపోర్టు నోటీసు బోర్డెక్కేది, చదివినవాళ్లు అది తమ కుళాయే అనుకునేవారు.

ఈసారి పూర్తిగా రాసింది: 'ఆఫీసు కుళాయి. ట్యాంకుకు పదడుగులు. చివరి వీధి ఫలితం సూపర్‌వైజరు సొరుగులో ఉంది.'

అతను చదివాడు. మొహం మాడిపోయింది.

"ఇదేం రాత?"

"అబద్ధముంటే కొట్టేసి, పక్కన మీ సంతకం పెట్టండి సార్."

అతను పెన్ను తీశాడు. మూత తియ్యలేదు. సీసా ల్యాబుకు వెళ్లిపోయింది.

సాయంత్రం అక్క ఇంటికెళ్లి, ఆ నీళ్లు ఇక తాగొద్దని చెప్పింది. అక్క చేతిలో గ్లాసు కింద పెట్టి అంతా విన్నది.

"సరే, ఆయన సంగతి ఊరంతా తేల్చుకుంటుంది," అంది. "పదకొండేళ్లు ఆ చీటీ రాసింది మాత్రం నువ్వేగా?"