గుండ్రాయి నోరు

గుర్రపు కళ్లేలు అమ్మే ఆ కొట్టు యజమానిని అందరూ డేగకన్ను అనేవాళ్లు. గుమ్మంలో గుర్రాన్ని నిలబెడితే చాలు, కుర్చీలోంచి లేవకుండా తేరిపార చూసి, గోడకు వేలాడేవాటిలో ఒకటి తీసి చేతిలో పెట్టేవాడు. మిగతా కొట్లవాళ్లు నోరు తెరిచి, వేళ్లు పెట్టి, పుల్లతో కొలిచి నానా తంటాలు పడుతుంటే, ఈయన చూపుతోనే పని కానిచ్చేస్తాడని జనం ఆయన పేరు చెబితే చెవి కోసుకునేవారు.

అసలు సంగతి వేరు. ఆయనకు గుర్రం పళ్లంటే చచ్చేంత భయం. పని నేర్చుకునే రోజుల్లో ఓ గుర్రం ఆయన ఉంగరపు వేలి కొస కొరికేసింది. తోలు కోసే కత్తికి తెగిందని ఇంట్లో బొంకాడు. ఆనాటినుంచి ఏ గుర్రం నోట్లోనూ వేలు పెట్టిన పాపాన పోలేదు. చాలా గుర్రాలకు మామూలు కొలత సరిపోతుంది. డేగకన్ను గొప్పంతా అదే. సరిపోనివాటికి కొట్టుకొచ్చి ఫిర్యాదు చేసే వీలు లేదు.

ఆయన చెల్లెలు పిల్లలకు స్వారీ నేర్పే బడి నడిపేది. అక్కడికి కొత్తగా వచ్చిన ఓ పొట్టి గుర్రానికి ఆమె కూతురు గుండ్రాయి అని పేరు పెట్టింది. ఎత్తు తక్కువ, బలం మాత్రం ఇద్దరు మనుషులు పగ్గాలు పట్టి లాగినా ఆగనంత. డేగకన్ను మొదట నోట్లో లావాటి కడ్డీ ఉండే కళ్లెం ఇచ్చాడు, లావుగా ఉంటే మెత్తగా ఉంటుందని. అది ఇంకా లాగింది. దవడ కింద గొలుసు పట్టేది ఇచ్చాడు. ఇంకా లాగింది. మెలి తిప్పిన కడ్డీ ఇచ్చిన మర్నాడు, వీపున ఉన్న మేనకోడలి కాలు కంచె పొడవునా రాసుకుపోయేలా పరిగెత్తింది.

కబురందుకుని ఆయన వెళ్లేసరికి, పిల్ల మోకాలికి కట్టుతో గుండ్రాయి పక్కనే నిలబడి దాని మెడ తోముతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"దీన్ని పంపించేస్తున్నా అన్నయ్యా," అంది చెల్లెలు. "మధ్యాహ్నం ఇటుక బట్టీవాళ్లు బండి తెస్తారు."

"తొందరెందుకే? ఇంకో కళ్లెం చూద్దాం."

"ఎన్నని చూస్తాం? నీ చూపుకే అందలేదంటే లోపం కళ్లెంలో ఉంటుందా? దీని బుద్ధే మంచిది కాదు. వేరే ఎవరైనా ఇచ్చి ఉంటే, పోనీలే, వాడికి చేతకాలేదు అనుకునేదాన్ని. ఇచ్చింది నువ్వాయె!"

ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయింది. తన పేరే ఈ మూగజీవాన్ని బట్టీకి తోలుతోంది.

"మామయ్యా, నువ్వొక్క మాట చెప్పు," అంది పిల్ల. "అమ్మ నీ మాట తీసెయ్యదు."

చెల్లెలు నీళ్లు తేవడానికి బావివైపు వెళ్లింది. ఆయన కొట్టంలోకి అడుగుపెట్టాడు. గుండ్రాయి చెవులు వెనక్కి వాల్చింది. ఆయన చటుక్కున ఓ అడుగు వెనక్కి వేశాడు. ఇంత వయసొచ్చి, ఇంత పేరు మోసి, పిల్ల చూస్తుండగా పొట్టి గుర్రం ముందు జంకి నిలబడ్డందుకు చచ్చేంత సిగ్గేసింది. కొస లేని ఆ వేలినే, ముందు పళ్లకూ దవడ పళ్లకూ నడుమ పళ్లు లేని చోట, పెదవి మూలనుంచి లోపలికి పెట్టాడు.

వేలికి చోటు దొరకలేదు. నోరంతా నిండిన మందపాటి నాలుక, దాని మీదికి దిగిపోయిన అంగిలి. లావాటి కడ్డీ ఇందులో ఎక్కడ పడుతుంది? నాలుక నలిగి, ఊపిరాడక, నొప్పినుంచి పారిపోదామని అది లాగింది. లాగిన ప్రతిసారీ తాను ఇంకా గట్టిది తగిలించాడు. పెదవి మూలలు చీరుకుపోయి పచ్చిగా ఉన్నాయి. నాలుక మీద మెలి కడ్డీ గాటు కనిపిస్తోంది. ఆ గాటుకు వేలు తగిలినప్పుడు గుండ్రాయి ఒళ్లు జలదరించింది. కానీ కొరకలేదు. కొరికి ఉంటే కాస్త నయంగా ఉండేది అనుకున్నాడాయన.

చెల్లెలు బకెట్టుతో తిరిగొచ్చింది. సన్నటి కడ్డీ, నడుమ వంపు తిరిగి నాలుకకు చోటిచ్చేది, కొట్టులో ఉంది. "ఇప్పుడే తట్టింది" అని తెచ్చిస్తే పరువు దక్కేది. కానీ పుండు మానేదాకా ఏ కళ్లెమూ పెట్టకూడదు, అన్నాళ్లు ఆమె ఆగాలంటే నిజం చెప్పక తప్పదు.

"దీని బుద్ధికేం కాలేదే. తప్పు నాది. నేనెప్పుడూ దీని నోరు చూడలేదు."

"చూడ్డమేంటి, నీ చూపు..."

"నా చూపూ లేదు, నా మొహమూ లేదు. నాకు భయం. కత్తికి తెగిందన్నానే, అది గుర్రం కొరికిన వేలు. అప్పట్నుంచి ఏ గుర్రం నోట్లోనూ చెయ్యి పెట్టలేదు."

చెల్లెలు బకెట్టు కింద పెట్టడం కూడా మరిచిపోయింది. పిల్లకు ముందు నవ్వొచ్చింది. డేగకన్ను మామయ్యకు భయమట! ఆ నవ్వుతోనే గుండ్రాయి పెదవి ఎత్తి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇంత నొప్పి పుడుతోందని నీకు తెలీదా మామయ్యా?"

"తెలుసుకోలేదమ్మా. తెలిస్తే వేలు పెట్టాల్సొస్తుందని."

పిల్ల తల తిప్పుకుంది. బండి రావద్దని చెల్లెలు కబురు పంపింది గానీ, ఆ రోజు అన్నయ్యను కూర్చోమని అనలేదు.

పుండు మానాక, సన్నటి కళ్లెం పట్టుకెళ్లడానికి మేనకోడలు గుండ్రాయిని ఉత్త తలతాడుతో కొట్టుకు నడిపించుకొచ్చింది. అప్పుడే పాలబండివాడు తన గుర్రాన్ని గుమ్మంలో ఆపాడు.

"లేవకండి లేవకండి! మీరలా ఓ చూపు చూసి ఇచ్చెయ్యండి చాలు, నాకు పనుంది," అన్నాడు.

ఆయన పిల్లవైపు చూశాడు. పిల్ల ఆయన చేతివైపు చూస్తోంది.

"చూస్తే తెలీదు నాయనా," అంటూ డేగకన్ను కుర్చీలోంచి లేచాడు. "తలతాడు గట్టిగా పట్టుకో. నాకు కాస్త భయం."