పెర్ఖ్తమ్మకు అడ్డొచ్చిన దుప్పట్లు

క్రిస్మస్ మొదలు జనవరి ఆరున వచ్చే ముగ్గురు రాజుల పండగ దాకా ఆ మంచుకొండల లోయలో ఎవరూ బట్టలు ఉతికి ఆరేయరు. ఆ రోజుల్లో చలికాలపు దేవత పెర్ఖ్తమ్మ తన దయ్యాల గుంపుతో గాలిలో పరుగులు పెడుతుంది. ఆమె ఎవరి దండెం మీది దుప్పటికి చిక్కుకుంటే ఆ ఇంట్లో ఒకరి శవానికి ఆ దుప్పటే కప్పాల్సి వస్తుంది. ఈ ఆచారం పెట్టినవాడెవడో గానీ, జన్మలో ఒక్క చొక్కా ఉతికి ఉండడని అఫ్రాకు గట్టి నమ్మకం.

అఫ్రా అత్త వల్బుర్గా మంచం పట్టి నెల దాటింది. కాళ్లు కదలవు, అన్నీ మంచంలోనే. క్రిస్మస్ వెళ్లిన మూడోనాటికి ఇంట్లో శుభ్రమైన దుప్పటి ఒక్కటీ మిగల్లేదు. కోడలికి పని పెంచకూడదని ముసలామె నీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి తెలిశాక అఫ్రాకు ఒళ్లు మండిపోయింది.

మొగుడు కోర్బీనియన్ అప్పుడే నిప్పుల మీద సాంబ్రాణి చల్లుకుంటూ ఇల్లంతా పొగ వేస్తున్నాడు. కొట్టంలో ఒక్కో ఆవు దగ్గరా ఆగి, పేరు పెట్టి పిలిచి, దీవించి వచ్చాడు. తల్లి గది దగ్గరకు రాగానే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాడు. పండగ రోజులయ్యేదాకా ఓర్చుకోమని తల్లితో చెప్పమని అఫ్రాకు పురమాయించాడు.

"ఆవుల కింద రోజూ గడ్డి మారుస్తావు. ఆవై పుట్టకపోవడమే మీ అమ్మ చేసిన పాపం," అంది అఫ్రా.

బూడిద నీళ్లు కాచి, చేతులు పగిలేలా ఉతికింది. ఒక దుప్పటిని పొయ్యి దగ్గర ఆరబెట్టి అత్త కింద పరిచింది. మిగతావన్నీ, అత్త లోపావడాతో సహా, ఊరంతా చూసేలా పెరట్లో ఆరేసింది.

పొద్దు గూకుతుండగా కుక్కల అరుపులు వినిపించాయి, అవి నేల మీది నుంచి రావడం లేదు. దండెం ఫట్టుమని తెగింది. అఫ్రా తలుపు తీసేసరికి పెర్ఖ్తమ్మ దుప్పట్లలో చుట్టుకుపోయి మంచులో దొర్లుతోంది. ఆమె ఇనుప ముక్కు ఒక దుప్పటిని చీల్చుకుని బయటికొచ్చింది. బాతు కాలులా వెడల్పైన పాదం అత్త లోపావడాలో ఇరుక్కుంది. వెనక దయ్యాలు నవ్వాపుకోలేక ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి.

నవ్వొచ్చే సంగతే. కానీ ఆమె చేతిలో కత్తి ఉంది. సోమరుల కడుపు కోసి, పేగులు తీసి, గడ్డి కూరి కుట్టేసే కత్తి అది.

"ఈ ఇంట్లో ఒక ప్రాణం నాది. ఎవరిదో చెప్పండి," అంది పెర్ఖ్తమ్మ.

కోర్బీనియన్ అప్పటికే బల్ల కింద దూరాడు. "అమ్మ ఉంది కదా. ఎలాగూ ఎక్కువ రోజులు బతకదు," అన్నాడు అక్కడినుంచే.

వల్బుర్గా ఉన్న పక్క గదికి అడ్డం ఉన్నది ఒట్టి చెక్క గోడ. అవతల మంచం కిర్రుమంది. కన్నకొడుకు నోట ఆ మాట వినడం కంటే కత్తిపోటు నయం.

అఫ్రా బట్టలు బాదే కర్ర అందుకుని గడప దాటింది.

"ఉతికింది నేను. ఎవరినైనా తీసుకుపోవాలంటే నాతో తేల్చుకో. ముందు ఆ దుప్పటి మీంచి కాలు తీసి మాట్లాడు. మళ్లీ ఉతికేదెవరనుకున్నావు?"

దయ్యాల నవ్వు ఆగిపోయింది. పెర్ఖ్తమ్మ నెత్తురు కారే అఫ్రా చేతుల వంక చూసింది. కాలు తీసింది. తర్వాత లోపలికొచ్చి, కోర్బీనియన్‌ను బల్ల కింద నుంచి కాలు పట్టి లాగి, కడుపు కోసింది. లోపల చూసి మొహం చిట్లించింది. పేగులుండాల్సిన చోట ఎండుగడ్డి, అదీ పాతబడి ముక్కిపోయింది.

విసుక్కుంటూనే మళ్లీ కుట్టింది. "ఇంట్లో ఒకరు పోవాలన్నది ఆచారం. వీడు ఎప్పుడో పోయాడు," అని గుంపును తోలుకుని వెళ్లిపోయింది.

కోర్బీనియన్ చాలాసేపటికి లేచాడు. ఒక చేత్తో కడుపు పట్టుకుని, రెండో చేత్తో వేడి పాలు పట్టుకుని తల్లి గది గుమ్మంలో నిలబడ్డాడు. అఫ్రా అత్త జుట్టు దువ్వుతోంది. "అమ్మా, పాలు," అన్నాడు.

వల్బుర్గా అటు చూసింది.

"అఫ్రా, ఆ తలుపు వెయ్యమ్మా. చలి వస్తోంది," అంది.

అఫ్రా లేచి వేసింది.