మాస్టారి ప్యాకేజీ

డాక్టరమ్మ పొద్దంతా క్లినిక్కులో పళ్ళు పీకుతుంది. సాయంత్రం పూట ఇంట్లో చేసే పని కూడా ఇంచుమించు అలాంటిదేనని వాళ్ళాయన వెక్కిరింపు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు.

ఎక్కడెక్కడి జనమో పైసా జీతం లేకుండా కలిసి నడిపే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఒకటుంది. వాళ్ళు రకరకాల ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి అందరికీ ఉచితంగా ఇస్తారు. ప్రతి ప్యాకేజీనీ కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని మెయింటైనర్ అంటారు. జీతం లేని పని కాబట్టి కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని, ఉద్యోగాలు మారి, తమ ప్యాకేజీని మెల్లగా మరిచిపోతారు. అలాంటివాళ్ళను ఆరా తీసే పని డాక్టరమ్మది. "ఈ ప్యాకేజీని చూసుకునే ఓపిక మీకింకా ఉందా?" అని మర్యాదగా ఉత్తరం రాస్తుంది. ఉలుకూ పలుకూ లేకపోతే మరొకటి రాస్తుంది. దానికీ జవాబు రాకపోతే ఆ ప్యాకేజీని అనాథగా ప్రకటిస్తుంది. ఎవరైనా దత్తత తీసుకుంటే సరే, లేదంటే ప్రాజెక్టు తర్వాత తెచ్చే వెర్షన్‌లోంచి, అంటే కొత్త విడుదలలోంచి, దాన్ని తీసేస్తారు. ఈ పనిలో ఆవిడకు మొహమాటం లేదు. కుర్చీలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళను రోజూ చూసే మనిషికి మొహమాటం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అంతటి ఆవిడకూ ఈసారి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. జవాబివ్వని మెయింటైనర్ సొంత బాబాయి.

బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. ప్రాజెక్టులో కూడా అందరికీ మాస్టారే. అక్కడ డాక్టరమ్మ చేత ఓనమాలు దిద్దించిందీ ఆయనే, సగం నియమాలు రాసిందీ ఆయనే. మామూలు అక్షరాలను బ్రెయిలీ చుక్కలుగా మార్చే ప్యాకేజీ ఆయనది. ఊళ్ళోని అంధుల గ్రంథాలయంలో పుస్తకాలు అచ్చువేసే మిషను దానిమీదే నడుస్తుంది. కొత్త విడుదలకు తగ్గట్టు దాన్ని సరిచేయాలి. ఫిర్యాదులు కుప్పపడ్డాయి. మాస్టారు మాత్రం నోరు మెదపడు. పోనీ ఇంకెవరైనా తీసుకుంటారా అంటే, "మాస్టారి ప్యాకేజీ మీద చెయ్యి వేయడమా!" అని అందరూ దూరంనుంచే దణ్ణం పెట్టి తప్పుకున్నారు. వీళ్ళ గౌరవం చల్లగుండ, దాంతోనే ఆ ప్యాకేజీ పీక నొక్కేసేట్టున్నారు.

విచిత్రమేమిటంటే, బాబాయి ఇల్లు డాక్టరమ్మ ఇంటికి రెండు వీధుల అవతలే. పోయిన వారం వెళ్ళి భోంచేసి కూడా వచ్చింది. వడ్డిస్తూ పిన్ని లోకంలోని కబుర్లన్నీ చెప్పింది గానీ, ప్యాకేజీ ఊసు మాత్రం బాబాయీ ఎత్తలేదు, డాక్టరమ్మా ఎత్తలేదు. ఉత్తరంలో అడగాల్సింది భోజనాల దగ్గర అడిగితే పక్షపాతమవుతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. అసలు కారణం భయం. ఆయనకు మతిమరుపు మొదలైందేమో, అడిగితే అది బయటపడుతుందేమోనని లోపల ఒకటే గుబులు.

రెండో ఉత్తరంలో ఇచ్చిన గడువు రేపటితో ముగుస్తుందనగా, ప్యాకేజీ పోతుందన్న కబురేదో తన నోటితోనే చెబుదామని గ్రంథాలయానికి వెళ్ళింది. మెట్ల మీదికే మిషను టకటకలు వినిపిస్తున్నాయి. చూపులేని లైబ్రేరియన్ అప్పుడే అచ్చయిన కాగితం మీద వేళ్ళు పరుగెత్తిస్తున్నాడు.

"నేనండీ, పళ్ళ డాక్టర్ని. మీకో సంగతి చెప్పాలి, కోప్పడకండి. కొత్త విడుదలలో మీ బ్రెయిలీ ప్యాకేజీ ఉండకపోవచ్చు."

"అదేంటండీ! ఇప్పుడు మా కంప్యూటర్లో ఉన్నది ఆ కొత్తదేగా?" అన్నాడు లైబ్రేరియన్. "మాస్టారు ముందే తెచ్చి వేసేశారు. ప్యాకేజీ కూడా దానికి సరిపోయేట్టు మార్చారు. బుధవారం బుధవారం వస్తూనే ఉన్నారు. మొన్న అంకెలు సరిగ్గా పడట్లేదంటే ఇక్కడే కూర్చుని బాగుచేసి, నా చేత చదివించుకుని మరీ వెళ్ళారు."

డాక్టరమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. మతిమరుపూ లేదు, పాడూ లేదు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, ప్యాకేజీ అంతకంటే నిక్షేపంగా ఉంది. మరి బాగుచేసిందంతా ఈ ఒక్క గదిలో దాచి, ప్రాజెక్టుకు పంపకపోవడమేమిటి? గుండెల మీది బరువు దిగీ దిగగానే ఒళ్ళు మండుకొచ్చింది.

ఆ మంటతోనే బాబాయి ఇంటికి నడిచింది. ఆయన బాల్కనీలో కూర్చుని పాత టూత్‌బ్రష్షుతో కీబోర్డు సందులు తోముతున్నాడు.

"బాబాయ్, నా ఉత్తరాలు అందాయా?"

"అందాయి."

"మరి జవాబు?"

"సంతకం లేని జవాబు చెల్లదు కదమ్మా."

ఆ ప్రాజెక్టులో సభ్యుడన్న ప్రతివాడికీ కంప్యూటర్లో దాచుకునే రహస్య తాళంచెవి ఒకటుంటుంది. పంపే ప్యాకేజీ మీదా, రాసే జవాబు మీదా దాంతోనే సంతకం పడాలి. పడకపోతే ఎంతటివాడినైనా గడప దాటనివ్వరు.

"నీ తాళంచెవి ఏమైంది?"

"డిస్కు కాలిపోయింది. దాంతోపాటే పోయింది."

"రెండో కాపీ?"

బాబాయి టూత్‌బ్రష్షును పరీక్షగా చూడసాగాడు. తాళంచెవికి రెండో కాపీ తీసి వేరే ఇంట్లో దాచుకోండి బాబూ అని, కొత్తగా చేరిన ప్రతివాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఈయనే.

"తియ్యలేదా?"

"తీశాను. అదే డిస్కులో, ఇంకో ఫోల్డర్లో పెట్టాను."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. బాబాయి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నవ్వు, నవ్వు. అందుకే చెప్పలేదు. అందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని కొత్త తాళంచెవి అడగను?"

"కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికించే మనిషి," అంది లోపల్నుంచి పిన్ని, "పరువు ఎక్కడ పెట్టిందీ మాత్రం మర్చిపోడు."

"నీ పరువు సరే బాబాయ్. ఈ లైబ్రరీకి నువ్వు నడిచి వెళ్ళగలవు. నువ్వు నడిచి వెళ్ళలేని లైబ్రరీల సంగతేంటి?"

బాబాయి కీబోర్డు సందులు మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. "నువ్వే తీసుకోమ్మా. మార్పులన్నీ నీకిచ్చేస్తాను," అన్నాడు. పైకి తేలిగ్గానే అన్నాడు గానీ, తోమిన సందునే మళ్ళీ తోముతున్నాడు.

"నాకెందుకు నీ ప్యాకేజీ? వెళ్ళి గుర్తింపు కార్డు పట్రా."

కొత్త తాళంచెవి కావాలంటే పాత సభ్యుడొకరు ఎదురుగా కూర్చుని, కార్డు చూసి, ఈ మనిషి ఫలానా అని సాక్ష్యం చెప్పాలి. ఎంత తెలిసినవాళ్ళైనా కార్డు చూడనిదే చెప్పకూడదు. ఈ నియమం కూడా మాస్టారి చలవే.

"నేనెవరో నీకు తెలీదా? నిన్ను భుజాన వేసుకుని తిప్పానే!"

"భుజాలు చెల్లవు బాబాయ్. కార్డు."

ఆయన గొణుక్కుంటూ తెచ్చిచ్చాడు. ఆవిడ ఫొటో చూసింది, మొహం చూసింది, మళ్ళీ ఫొటో చూసింది.

"ఇందులో మీసం ఉంది."

"మీ పిన్ని తీయించేసింది."

"అవును, నేనే. రాసుకో!" అంది పిన్ని.

బాబాయి అప్పటికప్పుడు కంప్యూటర్లో కొత్త తాళంచెవి తయారుచేసి, దానికి గుర్తుగా ఉండే అక్షరాలనూ అంకెలనూ ఒక్కొక్కటే చదువుతుంటే, డాక్టరమ్మ తన ఫోనుకు వచ్చిన కాపీతో సరిచూసుకుంది. చిన్నప్పుడు తన చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి ఇప్పుడు బుద్ధిగా తనకు అప్పజెబుతున్నాడు. ఆవిడ సాక్ష్యంగా సంతకం చేసేసింది.

ప్రాజెక్టువాళ్ళు సాయంత్రానికల్లా కొత్త తాళంచెవిని ఒప్పుకున్నారు. బాబాయి ముందుగా ప్యాకేజీ పంపలేదు. డాక్టరమ్మ ఉత్తరానికి జవాబిచ్చాడు, అదీ ప్రాజెక్టులో అందరూ చూసేట్టు. "ఓపిక ఉంది. ఆలస్యానికి క్షమించండి. డిస్కు కాలిపోయింది. రెండో కాపీ కూడా దాంట్లోనే పెట్టాను. నాలా చేయకండి." ఆ తర్వాతే ప్యాకేజీ పంపాడు. పంపి, తిట్లకు సిద్ధమైనవాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

జవాబులు వరసకట్టాయి. ఒక్కరూ నవ్వలేదు. "మాస్టారూ, నాదీ అదే డిస్కులో ఉంది, ఇప్పుడే మారుస్తున్నా," అని ఒకరు. "నాకసలు రెండోదే లేదు," అని ఇంకొకరు. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మొదటినుంచీ చదువుకున్నాడు.

డాక్టరమ్మ చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి ఆవిడ చేతిలో చిన్న పెన్‌డ్రైవు పెట్టాడు.

"ఏంటిది?"

"రెండో కాపీ. వేరే ఇంట్లో ఉండాలి కదమ్మా," అన్నాడు. "పాస్‌వర్డు మాత్రం చెప్పను."

ఆవిడ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా ఆ గుప్పిలి విప్పలేదు.