పైకి చదివే ఇల్లు

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. ఇంజనీరింగ్ చదివి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకునే నాకు ఇప్పటికీ పెదాలు కదపకుండా చదవడం రాదు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి మొదట్లో నేను జపం చేసుకుంటున్నాననుకుంది. నేనూ కాదనలేదు. భక్తురాలంటే కాస్త గౌరవమైనా మిగులుతుంది.

ఇది మా ఇంటి జబ్బు. మాది మేడ మీద ఒకే గది. కింద రేకుపెట్టెలు చేసే కొట్టు, పొద్దున లేచింది మొదలు సుత్తి దెబ్బలు. కిటికీ దగ్గర అమ్మ కుట్టుమిషను. దిండు గలీబులు కుడుతుంది. మంచం మీద నాయనమ్మ, ఆవిడ చెవులకు సరిపోయేంత గట్టిగా రేడియో. నేల మీద నాన్న. రాత్రంతా గోదాముకి కాపలా కాసి పగలు పడుకుంటాడు, ఆయన గురక సుత్తికేమీ తీసిపోదు. వీటన్నిటి మధ్య చదవాలంటే ఒక్కటే దారి. మన గొంతు మన చెవిలో పడేలా పైకి చదవాలి. అప్పుడు మిగతా చప్పుళ్లు కాస్త వెనక్కి జరుగుతాయి. నేను అలాగే చదివాను. నన్ను చూసి మా చెల్లి పిచ్చుక కూడా అలాగే నేర్చుకుంది.

పిచ్చుక నాకంటే తెలివైంది. నేను లెక్కకి జవాబు తెచ్చేలోపు అది ఆ లెక్కలోనే తప్పు పట్టేది. దానికి కావలసిందల్లా ఒక బల్ల, ఒక దీపం, తలుపు వేసుకునే గది. అవన్నీ ఇచ్చే కాలేజీ ఒకటుంది, హాస్టలుతో సహా అంతా ఉచితం. ప్రవేశ పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. నా జీతం అప్పులకే సరిపోతోంది, వేరే కాలేజీకి ఫీజు కట్టలేం. సీటు వస్తే హాస్టలు, రాకపోతే అమ్మ పక్కన రెండో మిషను. ఇది ఎవరో బెదిరించిన మాట కాదు. రెండో మిషను అప్పటికే మూలన ఉంది, గుడ్డ కప్పుకుని.

ఈసారి పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు రాయాలన్నారు. మనిషి ఉండడు, కంప్యూటరే కనిపెట్టి చూస్తుంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. చప్పుడు ఉండకూడదు. తలుపు తెరుచుకోకూడదు. ఈ నిబంధనలు రాసినవాళ్ల ఇంట్లో గదులు ఎక్కువైపోయి ఏ తాళం దేనిదో మర్చిపోతుంటారేమో.

"బాబాయ్, ఆ పూటకి సుత్తి ఆపుతావా?" అని కింద రేకుల బాబాయిని అడిగాను.

"ఆపుతాలే. మీ పిచ్చుక పెద్ద ఆఫీసరయ్యాక నా కొట్టు కూల్చకుండా చూస్తే చాలు."

పరీక్ష రోజు నాన్న నిద్ర మానుకున్నాడు. ఆయనా బాబాయీ కలిసి నాయనమ్మని కుర్చీతో సహా మెట్లు దింపారు.

"ఏరా, నన్ను ఖాళీ చేయిస్తున్నారా?"

"పరీక్షమ్మా."

"ఈ వయసులో నాకెందుకురా పరీక్ష?"

"నీక్కాదు, దానికి."

"మరి దాన్ని దింపొచ్చుగా. తేలిక."

నేను అమ్మ మిషను తల లోపలికి మడిచి, దాని మీద నా లాప్‌టాప్ పెట్టాను. పిచ్చుక కూర్చుంది.

"ఇంత నిశ్శబ్దంగా ఉంటే చెవుల్లో ఏదో గుయ్యిమంటోందక్కా."

"మొదలైతే అదే పోతుందిలే."

తలుపు వేసి అమ్మా, నాన్నా, నేనూ మెట్ల మీద కూర్చున్నాం. కాసేపటికి లోపలి నుంచి సన్నగా గొణుగుడు వినిపించింది.

"చదువుతోంది," అన్నాడు నాన్న నా చెవిలో, సంబరంగా.

అమ్మ మొహం విప్పారింది. ఇన్నేళ్లూ ఆ గొణుగుడు వింటూనే ఆవిడ ధీమాగా మిషను తొక్కింది. నాకు మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. మాట్లాడకూడదు అన్నది కూడా ఆ నిబంధనల్లో ఉంది. అది బయట ఉండే మా కోసమనుకున్నాను. పెదాలు కదిలితే, పక్కనున్న ఎవరినో జవాబు అడుగుతోందనే ఆ కంప్యూటర్ లెక్క.

లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. తీస్తే రెండో మనిషి. కొడితే చప్పుడు. పిలిస్తే ఇంకో గొంతు. అరచెయ్యి తలుపుకి ఆనించి నిలబడ్డాను. ఏమైందని అమ్మ సైగ చేసింది. ఏం లేదని తలూపాను.

నేను కాలేజీ ప్రవేశ పరీక్ష రాసినప్పుడు హాల్లో ఒక ముసలి సార్ ఉన్నారు. నా పెదాలు చూసి దగ్గరికొచ్చారు. చుట్టూ చూశారు, నా కాగితం చూశారు. తన పెదాల మీద వేలు పెట్టి చూపించి వెళ్లిపోయారు. నా ఉద్యోగం ఆ వేలు పెట్టిన భిక్ష.

గొణుగుడు ఆగింది. తలుపు తెరుచుకుంది, పరీక్ష పూర్తయ్యే టైముకంటే చాలా ముందే.

"మాట్లాడొద్దని ఎర్రగా వచ్చిందక్కా. మళ్లీ వచ్చింది. నేనెవరితో మాట్లాడాను? నోరు ఆగట్లేదని చేత్తో మూసుకున్నా. మొహం కనబడట్లేదని పరీక్ష ఆపేసింది."

"ప్రశ్నలు?"

"అన్నీ వచ్చినవే."

అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "చదివితే తప్పేంటే? చదువుకే కదా పరీక్ష?"

కింద నుంచి నాయనమ్మ అడిగింది, "అయిపోయిందా? ఇక పైకి రావచ్చా?" బాబాయి ఆ సాయంత్రం దాకా సుత్తి ముట్టుకోలేదు.

నేను ఫిర్యాదు పెట్టాను. మా గది గురించి, సుత్తి గురించి, రేడియో గురించి అంతా రాశాను. "పరిశీలించాం. అభ్యర్థి పెదాల కదలిక నమోదైంది" అని జవాబొచ్చింది. నిజమే, నమోదైంది.

రెండో మిషను మీది గుడ్డ పిచ్చుకే తీసింది. ఎవరూ తియ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. మొన్న నేను ఇంటికి వెళ్లినప్పుడు గలీబు అంచు కుడుతూ అడిగింది.

"మనసులో చదవడం అంటే ఎలా ఉంటుందక్కా? లోపల గొంతు వినబడుతుందా?"

"నాకూ తెలీదే."

"నీ పక్క సీటు అమ్మాయిని అడుగు."

"అడుగుతాలే."

మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఎదురుగా పుస్తకం లేదు, అయినా పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో మిషను చప్పుడులో నాకు వినబడలేదు.

మీరు ఏ చప్పుడు మధ్య చదువుకున్నారు? పెదాల మీద వేలు పెట్టి మిమ్మల్ని వదిలేసిన మనిషి ఎవరైనా ఉన్నారా? లేకపోతే మీ చదువు ఎక్కడ ఆగింది? నాకు రాయండి. వచ్చినవన్నీ పిచ్చుక పక్కన కూర్చుని పైకే చదువుతాను. ఆ కాసేపు మిషను ఆపమంటాను.