పరుపులాయన కొనబోయిన పాతికేళ్ళు

పరుపులాయనకి ఏదైనా అంటగట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదని పరుపులాయన నమ్మకం. ఊరికే వచ్చిన నమ్మకం కాదు లెండి, ఇరవై ఏళ్ళుగా ఒకే షాపులో పరుపులు అమ్ముతున్నాడు మరి. "ఊరికే చూసి పోదామని వచ్చాం" అంటూ లోపలికి వచ్చినవాళ్ళ చేత కూడా చెప్పులు విప్పించి, "చూస్తే ఏం తెలుస్తుందండీ, పడుకోండి, డబ్బులేమైనా అడిగానా?" అని పరుపెక్కించేస్తాడు. వెల్లకిలా పడుకున్న మనిషికి బేరమాడే ఓపిక ఉండదు. కావాలంటే మీరే పడుకుని చూడండి.

అన్నిటినీ మించిన విద్య ఇంకొకటి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో షాపు ఓనరు నేర్పాడు. ధర చెప్పేదాకా ఎంత వాగినా ఫరవాలేదు, ధర చెప్పాక మాత్రం నోటికి తాళం వేసుకోవాలి. ఆ తరువాత ముందు ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడిపోయినట్టు. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కొనేవాడు పెళ్ళాం మొహం చూస్తాడు, పెళ్ళాం పరుపు చూస్తుంది, పరుపులాయన గోడ చూస్తాడు. చివరికి "ఇంటికి మీరే పంపిస్తారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అంతే, పరుపు అమ్ముడైపోయినట్టే.

ఇంతటి ఘనుడు ఓ మధ్యాహ్నం థీమ్ పార్కులో, ఏసీ హాల్లో, గుండ్రటి బల్ల ముందు కూర్చున్నాడు. ఓ పక్క భార్య, ఇంకో పక్క కూతురు. ఎదురుగా మెడకి ఎర్ర టై, మొహానికి అరిగిపోని నవ్వు తగిలించుకున్న సేల్స్ మనిషి. ఆయన అమ్ముతున్నది టైమ్‌షేర్. అంటే పార్కు పక్కనే ఉన్న వాళ్ళ రిసార్టులో ఓ గది ఏడాదికో వారం చొప్పున పాతికేళ్ళపాటు మనది. ఏడాదిలో మిగతా వారాలన్నీ అదే గది ఇంకెవరెవరిదో. కొన్నవాళ్ళకి పార్కులో రైడుల దగ్గర క్యూ కూడా ఉండదట. డబ్బు మాత్రం ఇప్పుడే కట్టాలి.

గంటసేపు కూర్చుని వింటే చాలు, ఏ రైడుకైనా క్యూతో పని లేకుండా నేరుగా ఎక్కే పాస్ ఊరికే ఇస్తామని పొద్దున గేటు దగ్గరే పట్టుకున్నారు వీళ్ళని. "ఊరికే ఎవరిస్తారండీ ఈ రోజుల్లో?" అని భార్య అనుమానపడింది. పరుపులాయన మీసం దువ్వుకున్నాడు. "ఇవ్వనీ. నాకే అమ్ముతాడా? వాడి పనితనమేమిటో చూద్దాం పద."

పైకి చెప్పిన మాట అది. లోపలి మాట వేరు.

జనానికి సెలవు దొరికితేనే కదా పరుపులు గుర్తొచ్చేది! అందుకని ఆదివారాలూ, పండగలూ పరుపులాయనకి ఊపిరాడదు. మామూలు రోజుల్లో ఆయన ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోతూ ఉంటుంది, పొద్దున ఆయన లేచేసరికి స్కూలు బస్సెక్కేసి ఉంటుంది. పరుపుల మొహం ఎవరూ చూడని మందకొడి రోజుల్లో ఏడాదికి ఓ మూడు రోజులు సెలవు పెట్టి, ముగ్గురూ ఈ పార్కుకొస్తారు. కూతురు మెలకువగా ఉండగా ఆయన చూసుకునేది ఆ మూడు రోజులే. ఎనిమిదేళ్ళప్పుడు ఆ పిల్ల ఇక్కడి రాకెట్ రైడ్ ఎక్కి, చేతులు పైకెత్తి, సంతోషం పట్టలేక కేకలు పెట్టింది. ఇక అప్పట్నించీ ఏటా ఇదే పార్కు, ఇదే రాకెట్. పరుపులాయనకి ఎత్తంటే ప్రాణం పోతుంది. అయినా కూతురి పక్కనే కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎలాగో ఆ గండం గట్టెక్కుతాడు.

ఇప్పుడు పిల్లకి పదమూడు. ఇంట్లో అందరూ బుడ్డి అని పిలుస్తారు గానీ, తల్లి భుజం దాటేసింది. ఈసారి బట్టలు సర్దుతుంటే తల్లితో "ఈసారి కూడా వెళ్ళాలా అమ్మా?" అంటూ ఉండగా ఆయన చెవిన పడింది. అయిపోయింది, ఇంక వచ్చే ఏడు రాదు, ఆ మూడు రోజులూ పోయినట్టే అనుకున్నాడు. ఇదిగో, ఇప్పుడీ టై ఆయన పాతికేళ్ళంటున్నాడు. పాతికేళ్ళకి డబ్బు కట్టేస్తే, కట్టేశాం కదా అని మొహమాటానికైనా వస్తుంది కదా! చూశారా, పరుపులాయన బుర్ర ఎక్కడ పనిచేసిందో!

టై ఆయన పని మొదలుపెట్టాడు. ముందు ముగ్గురికీ చల్లటి జ్యూసులు తెప్పించాడు. తరువాత ఓ ఆల్బమ్ తెరిచి తాతలు, మనవలు, బుడగలు, నీళ్ళ జారుడుబల్లలు అన్నీ వరసగా చూపించాడు. దూరంగా ఇంకో బల్ల దగ్గర ఎవరో సంతకం పెట్టినట్టున్నారు, గంట మోగించారు, హాలంతా చప్పట్లు కొట్టింది. "కొట్టేవాళ్ళలో సగం మంది వీళ్ళ మనుషులే" అని పరుపులాయన భార్య చెవిలో గొణిగాడు. గొణుగుతూనే తనూ కొట్టాడు.

భార్య పళ్ళ డాక్టరు క్లినిక్‌లో పనిచేస్తుంది. "ఏం కాదమ్మా, చిన్న చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని రోజూ పదిమందికి చెప్పే మనిషి. చిన్న అనే మాటకి అసలు కొలతెంతో ఆవిడకి తెలియంది కాదు.

"పిల్ల స్కూలు సెలవుల్లో మాకు గది దొరుకుతుందా?" అని అడిగింది.

"ముందుగా బుక్ చేసుకుంటే దొరుకుతుంది మేడమ్."

"ఎంత ముందుగా?"

"ఎంత ముందైతే అంత మంచిది మేడమ్."

"ఇది కాక ఏటేటా మెయింటెనెన్స్ కూడా కట్టాలా?"

"చాలా చిన్న మొత్తం మేడమ్. పేరుకే."

"ఆ చిన్నది పెరుగుతూ ఉంటుందా?"

"అన్నీ పెరుగుతున్నాయి కదా మేడమ్."

"పోనీ, మధ్యలో వద్దనుకుంటే మీరు వెనక్కి తీసుకుంటారా?"

"వద్దని ఇంతవరకూ ఎవరూ అనలేదు మేడమ్."

ఆవిడ మొగుడివైపు తిరిగింది. "మనం వచ్చేది మూడు రోజులకండీ. ఆ డబ్బుతో మామూలుగా గది తీసుకుని దిగినా ఎన్నో ఏళ్ళు గడిచిపోతాయి. రాలేని ఏడు మానేయొచ్చు. ఇది తలకి చుట్టుకుంటుంది, నా మాట వినండి."

టై ఆయన నవ్వు చెక్కు చెదరలేదు. ముందుకి వంగి, గొంతు తగ్గించాడు. "నిజమే మేడమ్, లెక్కలు ఎప్పుడైనా వేసుకోవచ్చు. పిల్లలే, ఎప్పుడూ పిల్లలుగా ఉండరు."

అబ్బ! ఏం నొక్కు నొక్కాడండీ! అది సేల్స్ మాటేనని పరుపులాయనకి తెలుసు. ఇలాంటివి తను రోజుకి నాలుగు వదులుతాడు. "నడుము ఒక్కటే ఉంటుందండీ మనిషికి" అని ఆయన అన్న మాటకి ఎంతమంది కళ్ళనీళ్ళు పెట్టుకుని డబుల్ కాట్ పరుపు కొనలేదు! అన్నీ తెలిసీ ఆ మాటకి పడిపోయాడు. పక్కనే స్ట్రాతో జ్యూసు అడుగున గరగరలాడిస్తున్న కూతుర్ని చూసుకున్నాడు. కొనేద్దామనుకున్నాడు. అయితే చెప్పిన ధరకి కొంటే పరువు పోతుంది, తగ్గించాక కొందాం.

అప్పుడు టై ఆయన కాగితమ్మీద ఓ అంకె రాసి, కాగితాన్ని ఇటు తిప్పి, పెన్ను దానిమీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. వాలి, నోరు మూసుకున్నాడు.

పరుపులాయనకి ఒళ్ళు పులకరించింది. అరె, మనవాడే! మన విద్యే! ఇంకేముంది, ఆయనా చేతులు కట్టుకుని, గోడ వైపు చూస్తూ బిగుసుకుపోయాడు. టై ఆయనకి కూడా విషయం అర్థమైపోయినట్టుంది, కళ్ళు కాస్త చిన్నవయ్యాయి. ఇద్దరు ఉద్దండులు, మధ్యలో ఓ కాగితం. ఏసీ గురగురలాడుతోంది. ఇంకో బల్ల దగ్గర గంట మోగింది, చప్పట్లు లేచాయి, ఆగిపోయాయి. ఇక్కడ మాత్రం చీమ చిటుక్కుమంటే ఒట్టు.

భార్యకి లోపల ఉడికిపోతోంది. బల్ల కింద మొగుడి కాలు తొక్కింది, లాభం లేదు. తొడపాశం పెట్టింది, ఆయన గోడనే చూస్తున్నాడు. ధర చెప్పాక మాట్లాడకూడదన్న రూలు పెళ్ళైన కొత్తలోనే ఆవిడకి కంఠతా వచ్చేసింది. ఇప్పుడు నోరు తెరిస్తే మొగుడి ఇరవై ఏళ్ళ పరువు గంగలో కలుస్తుంది, తెరవకపోతే కొంప మునుగుతుంది. పాపం, పంటి బిగువున ఊరుకుంది.

రూలు తెలియనిది పిల్లకొక్కదానికే. కూర్చోబెట్టుకుని చెప్పే తీరిక తండ్రికెప్పుడు దొరికింది గనక?

"నాన్నా," అంది బుడ్డి. "ఇది కొంటే మనకి ఇంక క్యూ ఉండదా?"

టై ఆయన మాట్లాడలేదు గానీ నవ్వు చెవులదాకా సాగింది. ఉండదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"అస్సలుండదా? ఎప్పటికీ?"

ఆయన ఇంకా జోరుగా ఊపాడు.

"అయితే వద్దు నాన్నా."

తల ఊగడం ఆగిపోయింది. పరుపులాయన కూడా విద్య మరిచిపోయాడు. "అదేంటమ్మా? క్యూ లేకపోతే మంచిదేగా! ఎండలో గంటలకొద్దీ నిలబడక్కర్లేదు."

"క్యూ లేకపోతే మనం ఎప్పుడు మాట్లాడుకుంటాం మరి?" అంది పిల్ల, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "క్యూలోనే కదా నువ్వు కబుర్లు చెప్పేది. పోయినసారి చెప్పావు చూడు, మీ షాపులో పరుపు చూస్తానని పడుకుని ఒకాయన గురక పెట్టేశాడని, వాళ్ళావిడ బజారంతా తిరిగొచ్చి లేపి తీసుకెళ్ళిందని. ఆ రోజు ఎంత నవ్వామో! రైడ్ దగ్గరికొచ్చేస్తే ఏముంది, బెల్టు పెట్టేస్తారు, నువ్వు కళ్ళు మూసేసుకుంటావు."

"రైడ్ నీకిష్టం కదమ్మా!"

"రెండేళ్ళుగా ఇష్టం లేదు నాన్నా. కడుపులో తిప్పేస్తుంది."

"మరి అంతలా అరుస్తావు?"

"భయమేసి అరుస్తాను."

"నాకు తెలియనే లేదే!"

"కళ్ళు మూసుకుంటే ఎలా తెలుస్తుంది?"

పరుపులాయన కుర్చీ కూతురివైపు జరుపుకున్నాడు. "మరి 'ఈసారి కూడా వెళ్ళాలా' అన్నావుగా ఇంట్లో?"

"రాకెట్ గురించి అన్నాను. ఎక్కకుండా ఊరికే క్యూలో నిలబడనివ్వరు కదా. అదీగాక, నీకు రాకెట్ అంటే ప్రాణం కదా, ఏటా ఎక్కుతావు."

"నాకా!" అని కుర్చీలోంచి లేచినంత పని చేశాడాయన. భార్య అప్పటికే చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. "నాకేం తెలుసండీ? మీరేమో దానికిష్టమంటారు, అదేమో మీకిష్టమంటుంది. మధ్యలో బ్యాగులు మోసి నా భుజాలు పడిపోయాయి."

పరిస్థితి చేయి దాటిపోతోందని టై ఆయన గ్రహించాడు. "సార్, ఈ ఒక్కరోజుకీ మీకోసం ప్రత్యేకంగా..." అంటూ అంకె కొట్టేసి, కింద ఇంకో అంకె రాశాడు. ముందు నోరు విప్పింది తనే అయినా, ధర తగ్గింది కాబట్టి పరుపులాయన గెలిచినట్టే. ఇంకో రోజైతే ఆ గెలుపు గురించి ఓ నెల చెప్పుకునేవాడు. ఇప్పుడా కాగితం వంక చూడను కూడా లేదు.

"మీ పనితనం బాగుందండీ, కాదనను," అన్నాడు లేస్తూ. "కానీ మా పిల్లకి క్యూ కావాలట. అది మీ దగ్గర లేదు."

ఎంత వద్దన్నవాళ్ళకైనా ఏదో ఒక సమాధానం చెప్పేలా టై ఆయనకి ట్రైనింగ్ ఇచ్చే ఉంటారు. ఆ ట్రైనింగులో క్యూ కోరేవాళ్ళ సంగతి లేనట్టుంది. ఊరికే పాస్ తీసి చేతిలో పెట్టాడు. దాన్ని భార్య బయటికొచ్చాక, చంకలో ఏడుస్తున్న పిల్లాడితో నిలబడిన ఒకావిడకిచ్చేసింది.

అన్నిటికంటే పొడుగాటి క్యూ ఏదో వెతుక్కుని ముగ్గురూ దాని తోకలో నిలబడ్డారు. ఆ క్యూ ఏ రైడుకో కూడా కనుక్కోలేదు. పరుపులాయన కూతురివైపు తిరిగాడు.

"నువ్వు పెద్దదానివైపోయి నాతో రావడం మానేస్తావని భయమేసిందమ్మా. అందుకే కొందామనుకున్నాను."

బుడ్డి ఆలోచించింది. "మానేస్తానేమో నాన్నా. నాకేం తెలుసు?"

అబద్ధమాడి బుజ్జగించడం ఇంకా చేతకాని వయసు. ఆ మాట నేరుగా వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది. పరుపులాయన తేరుకుని, ఛాతీ విరిచి, "ఇక నుంచీ ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను, షాపేమైపోయినా సరే!" అని ప్రకటించాడు.

"ఆదివారం నేనుండను కదా. ఫ్రెండ్స్‌తో వెళ్తాను."

"పోనీ, శనివారం?"

"శనివారం డాన్స్ క్లాసు." పిల్ల వేళ్ళు మడిచి చూసుకుంది. "బుధవారం సాయంత్రం ఖాళీ. ట్యూషన్ ఉండదు. పదో తరగతి వచ్చేదాకా ఉండదు, ఆ తరువాత చెప్పలేను."

పరుపులాయన అక్కడికక్కడే ఫోన్ తీసి షాపు ఓనరుకి కలిపాడు. ఇకపై బుధవారాలు సాయంత్రం ముందే ఇంటికి వెళ్ళిపోతానని చెప్పాడు.

"ప్రతి బుధవారమా? ఏమయ్యా, ఒంట్లో ఏమైనా బాగాలేదా? డాక్టరు దగ్గరికా?"

"కాదండీ. మా అమ్మాయి టైమిచ్చింది."

"ఎన్నాళ్ళకి?"

"రెండేళ్ళకండి."

"రెండేళ్ళే? బేరమాడలేదా?"

"లేదండీ," అన్నాడు పరుపులాయన. "ఇచ్చినంతా తీసుకున్నాను."