ఎవరిది గొడ్డుతనం?

తొంభై రెండో సంవత్సరం. శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుల వాడలో రాధాబాయి మనవరాలికి తొట్టెల వేస్తున్నారు. పక్కింటి నర్మద తొట్టెల తాడు పట్టుకోబోతే అత్త కిష్టవ్వ అందరి ముందూ ఆమె చెయ్యి గుంజేసింది.

"గొడ్డుదానివి, పసిదాన్ని ముట్టుకుంటవా? వచ్చే నెల నా కొడుక్కు ఇంకో పిల్లను తెస్తున్న. నువ్వు మీ అవ్వగారింటికి నడువు!"

నర్మద భర్త వంక చూసింది. హనుమండ్లుకు నిజం తెలుసు. మంచిర్యాల డాక్టరు పరీక్షలు చేసి ఇద్దరికీ చెప్పాడు: లోపం నర్మదలో లేదు, సారా మగవాడి బీజాన్ని చంపుతోంది, మానితే ఆశ ఉంది, మానకపోతే ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నా ఇంతేనని. మొగుడి పరువు పోతుందని నర్మద ఎవరికీ చెప్పలేదు, హనుమండ్లు ఆ మాట మింగేశాడు. ఇప్పుడూ తలొంచుకుని సారా దుకాణానికే పోయాడు. మగతనమంటే మీసం మెలేయడమే అనుకునే లోకంలో నిజం ఒప్పుకునే దమ్ము ఎవరికుంది?

తాగుబోతు మొగుళ్ల తన్నులకు విసిగిన వాడ ఆడవాళ్లు ఆ సాయంత్రం దుకాణం మూయించడానికి కదిలారు. నర్మద కళ్లు తుడుచుకుని వాళ్లకు ముందు నడిచింది. కొడుకును తెచ్చుకోవాలని కిష్టవ్వా తిట్టుకుంటూ వెంట పోయింది.

బాయి గేటు ఎదురుగానే ఆ దుకాణం. షిఫ్టు దిగినవాడు ఇంటి మొఖం కన్నా ముందు సారా మొఖం చూడాలని కాంట్రాక్టరు జగపతిరావు అక్కడే పెట్టించాడు.

"సర్కారు వేలంపాటల గెలుచుకున్న దుకాణమిది. గొడ్రాలిని ముందర వెట్టుకొని మూయిస్తరా?" అన్నాడతను. తాగుతున్న మగవాళ్లు నవ్వారు.

నర్మదకు ఒళ్లు మండింది. "నేను గొడ్డు గాదు! నీ సారనే మా ఆయిన బీజాన్ని తిన్నది, డాక్టరు జెప్పిండు. గీ వాడల ఇంకెందరు ఆడోళ్లు పిల్లల కోసం మొక్కులు మొక్కుతున్నరో! తప్పెవలదో మీ మొగోళ్లను అడుగున్రి!"

నవ్వులు ఆగిపోయాయి. కిష్టవ్వ కొడుకు చొక్కా పట్టుకుంది. "నిజమేనారా?"

"నిజమే అవ్వా. తాగకుంటే బాయిల దిగ కాళ్లు రావు. చెప్పుకుంటే నవ్వుతరని..." హనుమండ్లు బావురుమన్నాడు.

ముసలామె దుకాణంలోకి దూసుకుపోయింది. సారా ప్యాకెట్ల బస్తాను ఈడ్చుకొచ్చి రోడ్డు మీద కుమ్మరించింది. ఇక ఆడవాళ్లను ఆపేదెవరు? కాళ్ల కింద ప్యాకెట్లు పగిలిపోయాయి.

పోలీసులు రానే వచ్చారు. జగపతిరావు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు, లాఠీలు మాత్రం ఆడవాళ్ల మీద లేచాయి. నర్మదను వ్యానులోకి తోస్తుంటే కిష్టవ్వ పొద్దున గుంజేసిన ఆ చేతినే పట్టుకుని వెంట ఎక్కింది.

"నువ్వెందుకే ముసల్దానా? దిగు!"

"నా కోడలు ఒక్కతే ఎందుకొస్తది? నస్పూర్ల గూడ సారా దుకాణమున్నదట సారూ, తొవ్వల జర ఆపుతవా?"

వ్యాను కదల్లేదు. ముందు చక్రాలకు అడ్డంగా హనుమండ్లు పడుకున్నాడు. షిఫ్టు దిగిన కార్మికులు ఒక్కొక్కరే వచ్చి అతని పక్కన కూర్చుంటున్నారు.