ముందు గది

కాజాలక్క చీపురును చివరి వరస మిషన్ల కిందికి పోనిచ్చి దుమ్మును తన వైపు లాక్కుంది. దుమ్ముతో పాటు రంగురంగుల దారపు పోగులు, ఒక విరిగిన గుండీ వచ్చాయి. కంపెనీ మూతపడి ఇన్నాళ్లయినా ఆ నేల ఇంకా దారాలు కక్కుతూనే ఉంది. మిషన్ల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాలకు కోర్టువాళ్లు సీళ్లు వేసి పోయారు. వాటిని తాకకూడదు. చుట్టూ ఊడ్చాలి. ఇప్పుడు ఆమె ఉద్యోగం అదే.

గోడ అవతల ముందు గదిలో ఒక మిషన్ గడగడా నడుస్తోంది. మధ్యలో ఆగింది. ఎవరో నవ్వారు. మళ్లీ నడిచింది. కాజాలక్క చీపురును నేలకేసి ఒక్కటి కొట్టింది.

"పొద్దున్నే ఏం పగలబడి నవ్వుతారో," అంది, వినడానికి ఎవరూ లేకపోయినా.

అవతల కుడుతున్నది ఆమె తోడికోడలు, మరిది భార్య. ఇంట్లో అందరికీ ఆమె చిన్నది. ఈ చొక్కాల కంపెనీలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది కాజాలక్కే. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పిందీ తనే. తను మాత్రం పెళ్లయిన కొత్తలో గుండీలకు కాజాలు కుట్టడానికి చేరి, తల నెరిసేదాకా కాజాలే కుడుతూ ఉండిపోయింది. అసలు పేరేమిటో కంపెనీలో అందరూ మరిచిపోయారు. చిన్నది అలా కాదు. కాలర్ల నుంచి చేతులకు, చేతుల నుంచి కటింగ్ బల్లకు చకచకా ఎక్కిపోయింది. కాజాలక్కకు కన్ను కుట్టింది అప్పుడే. కుట్టడమే బతుకైన మనిషికి ఈ కుట్టొకటి ఎక్కువా అని తనలో తను నవ్వుకుంది గానీ, దాన్ని మాత్రం విప్పుకోలేకపోయింది.

తర్వాత కంపెనీ మునిగింది. ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడానికి కోర్టు ఒక లిక్విడేటరును పెట్టింది. పనివాళ్లకు ఆయన కోర్టాయన. భవనం మాత్రం కంపెనీది కాదు, లీజుది. నా చోటు నాకు ఖాళీ చేసివ్వండని ఓనరమ్మ పట్టుబట్టింది. మిషన్లు అమ్ముడయ్యేదాకా తాళాలు నావేనన్నాడు కోర్టాయన. కాపలాకు కాజాలక్కను వెనక హాల్లో పెట్టాడు.

అప్పుడొచ్చింది చిన్నది. మరిది పరంజా మీంచి జారిపడి మంచం పట్టి ఉన్నాడు. "అక్కా, ముందు గది ఊరికే పడుంది కదా. నా సొంత మిషన్ తెచ్చి పెట్టుకుంటాను. నాలుగు రిపేరు బట్టలొస్తే ఇల్లు గడుస్తుంది. ఓనరమ్మ కూర్చోమంది," అని బతిమాలింది. కాజాలక్క హాలు వైపు నుంచి ఆ గది గొళ్లెం తీసింది. జాలిపడే తీసింది. అయితే ఆ జాలి అడుగున, నాలుగు రోజులు చూసి అదే సర్దుకుని పోతుందిలే అన్న ధీమా కూడా ఉంది.

చిన్నది సర్దుకుని పోలేదు. ముందు గదికి వీధి వైపు పెద్ద అద్దాల కిటికీ. వెలుగంతా అక్కడే. వెనక హాలుకు పగలైనా ట్యూబ్‌లైటే గతి. చిన్నది కిటికీ దగ్గర కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి పలకరించేవాళ్లు. జిప్పు ఊడిన సంచి, పొట్టిదైపోయిన గౌను, నడుం దగ్గర బిగిసిన ప్యాంటు, ఏదో ఒకటి పట్టుకొచ్చి, ఇచ్చిన తర్వాత కూడా కదలకుండా కబుర్లు చెప్పేవాళ్లు. ఆఖరికి అత్తగారు కూడా పెద్దకోడలు పెట్టింది తింటూనే చిన్నకోడలి కుట్టు మెచ్చుకునేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ అత్త కొట్టలేదు, తోడికోడలు వెక్కిరించనూ లేదు. అయినా కాజాలక్క కడుపులో మంట ఆరేది కాదు.

ఇవాళ ఆ గది తగువు తేల్చడానికి కోర్టాయన వచ్చాడు. వెనకాలే ఓనరమ్మ, చంకలో గొడుగు. మాటలు విని కాజాలక్క హాల్లోంచి గుమ్మం దాకా వచ్చింది. చిన్నది లేచి, కుర్చీని చేత్తో తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఈమెను ఇక్కడ ఎవరు పెట్టారు?"

"నన్నడుగుతారేంటి?" అంది ఓనరమ్మ. "కూర్చుంటే కూర్చోమన్నాను. తలుపు నేను తియ్యలేదు. తాళాలు మీ దగ్గరేగా."

"మరి లోపలికెలా వచ్చావమ్మా?"

చిన్నది తల వంచుకుని చీర మీది దారప్పోగులు దులుపుకుంది.

కోర్టాయన కాజాలక్క వైపు తిరిగాడు. "కాపలా నీది. నువ్వేమైనా తీశావా? తీసుంటే తీశానని చెప్పు. నా మనిషే రానిచ్చినట్టు లెక్క వేసుకుని మిషన్లు పోయేదాకా ఉండనిస్తాను. నిన్నొక మాట అంటాను, పడతావు. అంతే."

అంతకంటే తేలిక ప్రశ్న ఉండదు. కాజాలక్క నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే ఒకామె కిటికీలోంచి తొంగిచూసి, "మా పాప గౌను అయిందా తల్లీ?" అంది. అంత గొడవలోనూ చిన్నది ఆమె వైపు చూసి, కాసేపాగమన్నట్టు చెయ్యి ఊపి నవ్వింది. వెలుగు ఆ నవ్వు మీద పడింది.

"నాకు తెలీదు సార్," అంది కాజాలక్క. "నేను వెనక ఉంటాను."

చిన్నది తలెత్తింది. ఆ చూపులో కోపం లేదు. కొలత తప్పిన గుడ్డను చూసినట్టు ఒక్క క్షణం చూసింది.

"నేనే వచ్చానండీ," అంది కోర్టాయనతో. "ఆ రోజు తలుపు వేసి లేదు."

సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నాడాయన. ఓనరమ్మా ఆయనా లీజు సంగతి వాదించుకుంటూ వీధిలోకి వెళ్లిపోయారు.

కాజాలక్క హాల్లోకి పోయి ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. నిజం చెప్పినా తన ఉద్యోగం పోయేది కాదని తెలుసు. తెలిసే తెలీదంది. గోడ అవతల మూటలు కట్టిన చప్పుడు, బండివాడితో మిషన్ మోయించిన చప్పుడు వినిపించాయి. తర్వాత చిన్నది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, ఆ కిటికీ గడియ సరిగ్గా పడదు. కాస్త ఎత్తి వెయ్యాలి."

"ఊఁ."

"అత్తయ్యకు నువ్వేం చెప్పకు. నేనే చెప్పుకుంటాను."

కాజాలక్క ఊడవడం ఆపింది. "ఏమని?"

"బేరాలు తగ్గాయి, మానేశానని."

ఇంకేదైనా అంటుందేమోనని కాజాలక్క చీపురు పట్టుకుని ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. చిన్నది చెప్పులేసుకుంది. బండి చక్రాలు వీధి మలుపు దాకా కిర్రుమన్నాయి.

చాలాసేపటికి గానీ కాజాలక్క ముందు గదిలోకి రాలేదు. వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. నిజంగానే అక్కడ వెలుగు బాగుంది. పట్టీ తెగిన సంచీతో ఒక ముసలాయన ఆగాడు.

"ఆ అమ్మాయి లేదా?"

"లేదు."

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"రాదు."

నువ్వు కుడతావా అని అడుగుతాడేమోనని చెయ్యి కాస్త ముందుకు చాపింది. ఆయన అయ్యో అనుకుంటూ, సంచీని మళ్లీ చంకలో పెట్టుకుని పోయాడు. చిన్నది పోయాక కూడా దాన్నే అడుగుతున్నారు అనుకుంది. కడుపులో ఆ పాత మంట అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు దానికి ఎదుట మనిషి లేదు.

గడియ ఎత్తి వేసింది. పడింది. వెనక్కి తిరిగితే మూలన స్టూలు మీద చిన్నది మరిచిపోయిన మట్టి కూజా కనిపించింది. పొద్దున నింపిన నీళ్లు ఇంకా మెడదాకా ఉన్నాయి. కూజా ఒంటి మీద చెమ్మ కూడుకుని, చుక్కగా జారి, నాలుగంచులూ మడిచి కుట్టి కింద పరిచిన గుడ్డముక్కలో ఇంకిపోయింది.